వరుని జోడా: గుడ్డ ఏది, సొమ్ము ఎవరిది?



రంజాన్ ముగిసి షవ్వాల్ ప్రవేశించగానే మన ఇళ్లలో నికాహ్ మాటలు మొదలవుతాయి. హజ్రత్ ఆయిషా (రజి) వివాహం ఈ నెలలోనే జరిగింది గనుక షవ్వాల్ వివాహాలకు మంచిది కాదన్న పాతకాలపు అరబ్బుల అపోహ అప్పుడే తొలగిపోయింది. ఈ మాసం మాకు అందిన ఉత్తరాలలోనూ సగానికి పైగా పెండ్లి ఏర్పాట్ల గురించినవే. వాటిలో దేవరకొండ ప్రాంతం నుండి ఒక తల్లి రాసిన ఉత్తరాన్ని ఈ శీర్షికకు ఎంచుకున్నాను. ఆమె పెద్ద కుమారునికి జడ్చర్ల వైపు సంబంధం కుదిరింది. అబ్బాయి హైదరాబాదులో ఒక దుకాణంలో అచ్చమైన పట్టు షేర్వానీ చూసి ముచ్చటపడ్డాడు. దానిమీద ఛాతీ నిండా జరీ పని ఉంది. ఆడపిల్ల తండ్రి బంగారు ఉంగరం, గడియారం పెడతానన్నాడు. అంతేకాక, “జోడే కీ రఖమ్ ఎంత అనుకుంటున్నారు?” అని తానే కబురు పంపాడు.

ఆ తల్లి రెండు ప్రశ్నలు అడిగింది. అబ్బాయికి ఏ దుస్తులు, ఏ అలంకారాలు తగినవి, ధర్మసమ్మతమైనవి? రెండవది, అది కట్నం కాదు కదా, బట్టల డబ్బే కదా, తీసుకోవచ్చునా?

సోదరీ, మీ రెండవ ప్రశ్నకే ముందు సమాధానం చెబుతాను. కొనేది ఎవరి సొమ్ముతోనో తేలితే, ఏ గుడ్డ కొనాలన్నది చాలావరకు దానంతట అదే తేలుతుంది.

మన పెద్దలు వాడే పూర్తి మాట “ఘోడే జోడే కీ రఖమ్”. ఘోడా అంటే గుర్రం. జోడా అంటే ఒక జత బట్టలు. వరుడు ఎక్కి వచ్చే గుర్రానికీ, తొడుక్కునే దుస్తులకూ వధువు తండ్రి ఇచ్చే సొమ్మని దాని అర్థం. కాలక్రమంలో గుర్రం స్థానంలోకి మోటారు సైకిలు వచ్చింది, కొన్ని ఇళ్లలో కారు వచ్చింది. బట్టల పేరు మాత్రం చెక్కుచెదరలేదు. ఒక జత బట్టలకు కుట్టుకూలితో సహా ఎంత ఖర్చవుతుందో ఇల్లు నడిపే ప్రతి స్త్రీకీ తెలుసు. ఆ పేరు మీద చేతులు మారే మొత్తానికీ ఆ ఖర్చుకూ పొంతన ఎక్కడా కుదరదు. కట్నమంటే సిగ్గుపడే నోరు జోడా అంటే సిగ్గుపడదు. ఈ మాట ఇన్నాళ్లు నిలిచి ఉండటానికి కారణం అదే.

ఇస్లాంలో వివాహ సందర్భంగా ధనం వరుని చేతి నుండి వధువు చేతికి పోవాలి. స్త్రీలకు వారి మహర్‌ను మనస్ఫూర్తిగా చెల్లించమని సూరా అన్నిసాలో అల్లాహ్ పురుషులను ఆదేశించాడు. వధువు తండ్రి వరునికి బట్టలు కుట్టించి పంపాలన్న ఆదేశం ఖుర్ఆన్‌లో లేదు, హదీసులలోనూ లేదు. హజ్రత్ అలీ (రజి) వివాహాన్ని తలచుకోండి. ఇవ్వడానికి తన వద్ద ఏమీ లేదని ఆయన అన్నప్పుడు దైవప్రవక్త (స) ఆయన కవచం ఏమైందని అడిగారు. యుద్ధంలో తన ప్రాణాన్ని కాపాడే ఆ కవచమే హజ్రత్ ఫాతిమా (రజి)కు మహర్ అయింది. ఇక్కడ వధువు తండ్రి సాక్షాత్తు మహాప్రవక్త. అయినా అడిగింది వరుని వద్ద ఏమున్నదని.

దేశ చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కట్నాన్ని నిర్వచిస్తూనే, ముస్లింల మహర్ ఆ నిర్వచనంలోకి రాదని ప్రత్యేకంగా పేర్కొన్నది. ఇవ్వడమూ తీసుకోవడమూ రెండూ ఆ చట్టం కింద నేరాలే. పెండ్లి మాట ఖాయం కావడానికి షరతుగా చేతులు మారే సొమ్మును “బట్టల డబ్బు” అని పిలిచినంత మాత్రాన అది చట్టం దృష్టిలో మరొకటి కాదు. షరీఅత్ దృష్టిలోనూ కాదు.

“వారే అడిగారు, మేము అడగలేదు” అని మీరు అనవచ్చు. ఆడపిల్ల తండ్రి తానుగా ఎందుకు అడిగాడో ఒక్క క్షణం ఆలోచించండి. మీరు అడిగే దాకా ఆగితే మాట ఎటు పోతుందోనన్న భయంతో అడిగాడు. భయంతో ఇచ్చేది కానుక కాదు. కనుక ఆయనకు ఇట్లా కబురు పంపండి: “మా అబ్బాయి బట్టలు మా అబ్బాయే కొనుక్కుంటాడు. మీరు అమ్మాయిని, మీ దుఆను పంపండి, చాలు.” ఈ ఒక్క మాట ఆ ఇంట్లో ఎంత బరువు దించుతుందో, పెరుగుతున్న ఆడపిల్లలున్న తల్లులకు నేను చెప్పనక్కరలేదు. కోడలు రేపు మీ ఇంటికి వచ్చినప్పుడు తన తండ్రి తాకట్టు పెట్టిన పొలం గురించి తలచుకుంటూ రాదు.

ఇక దుస్తుల విషయం. అబ్బాయి తన సంపాదనతోనే కొంటాడన్నది స్థిరపడితే, మహర్ సిద్ధం చేసుకున్న తరువాత మిగిలేదే అతని బట్టల బడ్జెట్ అవుతుంది. ఆ క్రమం తారుమారు కావద్దు. షేర్వానీకి రొక్కం చెల్లించి మహర్‌ను “తరువాత ఇస్తాను” అని కాగితం మీద వదిలే వరులు మన జిల్లాలలో తక్కువేమీ కాదు.

కొందరు షేర్వానీయే ఇస్లామీయ వస్త్రం అనుకుంటారు. అది నిజం కాదు. మనం ఎరిగిన షేర్వానీకి రూపం ఏర్పడింది 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో. హైదరాబాదు సంస్థానంలో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కాలానికి అది దర్బారు ఉడుపు అయింది. పాలమూరు పట్టణానికి 1890లో మహబూబ్‌నగర్ అని పేరు వచ్చింది ఆయన పేరు మీదుగానే. మహారాజా కిషన్ పర్షాద్ వంటి హిందూ ప్రముఖులూ షేర్వానీ ధరించారు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తొలితరం విద్యార్థులకు అది నిత్య వేషం. ఏడో నిజాం తలమీద కనిపించే రూమీ టోపీ కూడా తుర్కీ నుండి వచ్చినదే. విచిత్రమేమంటే, ఆ తుర్కీ దేశమే 1925లో చట్టం చేసి తన పౌరుల తలమీద నుండి దానిని తీసివేసింది. హైదరాబాదులో మాత్రం అది ఆ తరువాతా కొనసాగింది. కాబట్టి షేర్వానీ, రూమీ టోపీ మన ప్రాంతపు మర్యాద వస్త్రాలు. వేసుకుంటే అందం, వేసుకోకపోతే దోషం లేదు. తెల్లని కుర్తా పైజామా, దానిపై ఒక సదరీ వేసుకుని నికాహ్‌కు కూర్చున్న వరుని నికాహ్‌లో ఏ లోపమూ ఉండదు.

దైవప్రవక్త (స) వస్త్రాల విషయంలో దేశభేదం చూడలేదు. యెమన్‌లో నేసే చారల దుప్పటి ఆయనకు ఇష్టమైన వస్త్రం. ఒక ప్రయాణంలో ఆయన షామ్ దేశపు జుబ్బా ధరించారు. దాని చేతులు ఎంత ఇరుకంటే, వుజూ కోసం వాటిని పైకి మడవలేక చేతులను జుబ్బా లోపలి నుండి బయటకు తీయవలసి వచ్చింది. ఈ ఉదంతాన్ని హదీసు గ్రంథాలు వుజూ ప్రకరణంలో భద్రపరిచాయి. నేను దానిని పెండ్లి బట్టలు కుట్టించే వారికి గుర్తు చేస్తుంటాను. ఎందుకో ముందు చెబుతాను.

ఇదే సమస్య మనకు చాలా దూరంలో ఉన్న సోదరులకు ఎట్లా ఎదురైందో చూడండి. బ్రిటన్‌లోని స్కాట్లాండు దేశంలో పురుషుల సంప్రదాయ వేడుక వస్త్రం కిల్ట్ అనే గళ్ల ఉన్ని వస్త్రం. నడుము చుట్టూ మడతలు పెట్టి కట్టుకుంటారు. ముందు తోలు సంచి వేలాడుతుంది, కాళ్లకు పొడుగాటి మేజోళ్లు ఉంటాయి. ఆ గళ్ల నమూనాను టార్టన్ అంటారు. ఒక్కో వంశానికి ఒక్కో నమూనా. అక్కడ స్థిరపడిన ముస్లింలకు వంశపు టార్టన్ ఏముంటుంది? 2012లో వారి కోసం ఒక ఇస్లామీయ టార్టన్ రూపొందింది. నీలం స్కాట్లాండు జెండా రంగు, ఆకుపచ్చ ఇస్లాంకు గుర్తు. అయిదు తెల్లని గీతలు అయిదు మూలస్తంభాలకు, ఆరు బంగారు రంగు గీతలు ఆరు విశ్వాసాంశాలకు, నల్లని చదరం కాబా గృహానికి సంకేతాలు. ఆలోచన ముచ్చటైనదే. అయితే కిల్ట్ దిగేది మోకాలి నడుమ దాకా. పురుషుని సతర్ బొడ్డు నుండి మోకాలి దాకా, హనఫీ మస్లక్‌లో మోకాలు కూడా అందులో భాగమే. కనుక ధరించేవారు కొలతను కొంచెం దించుకోక తప్పదు. ఊరి వేషాన్ని తిరస్కరించనక్కరలేదు, షరీఅత్ హద్దు దగ్గర మాత్రం కొలత మార్చుకోవాలి. మన షేర్వానీకీ ఇదే పద్ధతి.

ఆ హద్దులలో మొదటిది పట్టు. మీ అబ్బాయి చూసింది అచ్చమైన పట్టు అయితే అది అతనికి తగదు సోదరీ, ఎంత ముచ్చటపడినా సరే. పట్టూ బంగారమూ ఈ సముదాయపు పురుషులకు నిషిద్ధాలు, స్త్రీలకు ధర్మసమ్మతాలు అని దైవప్రవక్త (స) స్పష్టం చేశారు. అంచు వంటి కొద్దిపాటి పట్టుకు మినహాయింపు ఉన్నది; హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖనం ప్రకారం దాని హద్దు నాలుగు వేళ్ల వెడల్పు. కాలరు అంచుకో, చేతుల చివరో సన్నని పట్టీ ఉంటే అభ్యంతరం లేదు. ఛాతీ అంతా కప్పే పని ఈ మినహాయింపులోకి రాదు.

పట్టు, నూలు కలిసిన గుడ్డల సంగతి మరింత ఆసక్తికరం. మగ్గాల జిల్లాలలో పుట్టిన మనకు ఇది తేలికగా అర్థమవుతుంది. మగ్గం మీద నిలువుగా బిగించేది పడుగు, అడ్డంగా నాడెతో పోనిచ్చేది పేక. హనఫీ ఫిఖహ్ ప్రకారం పడుగు పట్టుదై పేక నూలుదయితే ఆ గుడ్డ పురుషునికి చెల్లుతుంది. పేక పట్టుదయితే చెల్లదు. కారణం కూడా వారే చెప్పారు: పోగులు గుడ్డ అయ్యేది పేక పడినప్పుడే, కనుక తీర్పు పేకను బట్టే. షాఫియీ మస్లక్ వారు తూకంలో ఏది ఎక్కువో చూస్తారు.

ఈ మస్అలా నుండే ఒక గుడ్డకు పేరు వచ్చింది. అది మష్రూ. ఆ మాటకు ధర్మసమ్మతమైనది అని అర్థం. పట్టు పడుగు, నూలు పేక. నేత తీరు వల్ల పట్టు పైకి మెరుస్తుంది, ఒంటికి తగిలే వైపు నూలు ఉంటుంది. దక్కను నవాబులు ఇష్టపడిన ఈ గుడ్డను నేటికీ గుజరాత్‌లోని పాటన్ వైపు నేస్తున్నారు. మెరుపు కావాలని పట్టుబట్టే అబ్బాయిలకు నేను మొదట సూచించేది ఇదే. అయితే ఇప్పుడు ఆ పేరుతో రేయాన్ కలిపినవీ వస్తున్నాయి. రేయాన్ వల్ల ధర్మపరమైన ఇబ్బంది లేదు, ధర విషయంలో మోసపోకుండా చూసుకోవాలి.

పోచంపల్లి మగ్గాల మీద నేసే సీకో కూడా పట్టు, నూలు కలిసినదే. అక్కడ పడుగు ఏది, పేక ఏది అని నేతగానినే అడగండి. దుకాణంలో అమ్మే కుర్రవానికి తెలియకపోవచ్చు, మగ్గం ముందు కూర్చున్నవానికి తప్పక తెలుస్తుంది. పట్టు పోచంపల్లిలో రెండు వైపులా పట్టే ఉంటుంది గనుక అది వధువుకే.

దుకాణాలలో “సిల్క్” అనే పేరు వినగానే బెదిరిపోవలసిన అవసరమూ లేదు. షేర్వానీల కోసం అమ్మే చవక సిల్కులలో చాలావరకు పట్టుపురుగుతో సంబంధం లేని పాలియెస్టరో రేయానో. నిషేధం పట్టుపురుగు నుండి వచ్చిన పట్టుకే వర్తిస్తుందని అత్యధిక ఉలమా అభిప్రాయం. అనుమానముంటే ఒక పోగు లాగి కాల్చి చూడండి. అసలు పట్టు కాలిన వెంట్రుకల వాసన వేసి, వేళ్ల మధ్య నలిగే బూడిద అవుతుంది. పాలియెస్టరు కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. అచ్చమైన పట్టుకు సిల్క్ మార్క్ చీటీ ఉంటుంది. వధువు చీరకు భరోసానిచ్చే ఆ చీటీ వరుని గుడ్డకు హెచ్చరిక అన్నమాట.

ఇంతకూ నా సలహా ఏమిటంటే, మీ గడప దాటి ఎక్కువ దూరం పోవద్దు. ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం ఊళ్లలో మంచి నూలు ఇక్కత్ దొరుకుతుంది. నేయకముందే పోగులకు ముడులు కట్టి రంగులద్దే ఈ విద్యతో పోచంపల్లి పేరు 2005లో భౌగోళిక గుర్తింపు పొందింది. లేత బూడిద రంగు మీదనో, పాలమీగడ తెలుపు మీదనో సన్నని ఇక్కత్ నమూనా ఉన్న నూలు షేర్వానీ ఎంత హుందాగా ఉంటుందో చూసినవారికే తెలుసు. ధర కూడా హైదరాబాదు జరీ షేర్వానీలో చిన్న భాగమే. మే నెలలో నల్లగొండ ఎండకు మఖ్మల్ షేర్వానీలో చెమటలు కక్కుతూ కూర్చున్న వరులను చూసినప్పుడల్లా, ఆ గుడ్డ ఎంచినవారికి ఆ ఊరి వాతావరణం తెలియదా అని నాకు అనుమానం వస్తుంది.

పుట్టపాకలో నేసే తేలియా రుమాలు గురించి కాస్త విడిగా చెప్పాలి. ఆముదపు కాయల పొట్టు బూడిదతో, నూనెతో నూలును రోజుల తరబడి నానబెట్టి శుద్ధి చేస్తారు. ఆ నూనె వల్లనే ఆ పేరు. ఎరుపు, నలుపు, తెలుపు, మూడే రంగులు. చీరాలలో పేరు పొందిన ఈ నేత తరువాత పుట్టపాకలో స్థిరపడింది. ఆ ఊరి గజం గోవర్ధన్ ఈ కళకు గాను 2011లో పద్మశ్రీ అందుకున్నారు. ఒకప్పుడు ఈ రుమాళ్లు ఓడలెక్కి అరబ్బు దేశాలకు పోయేవి. అక్కడివారు ఎండకు, దుమ్ముకు తలకు చుట్టుకునేవారు. అంటే మన ఆముదపు చేల పక్కన తయారైన గుడ్డ అరబ్బుల తలమీద కూర్చున్నది! వరుడు దీనిని భుజం మీద వేసుకున్నా, అమామాగా చుట్టుకున్నా అద్దెకు తెచ్చిన మెరుపుల తలపాగా కన్నా ఎంతో మేలు. ఒక్క జాగ్రత్త. పాత నమూనాలలో ఏనుగులు, సింహాలు, పక్షులు కూడా నేస్తారు. ప్రాణుల బొమ్మలు లేని రేఖల నమూనా ఎంచుకోండి. షేర్వానీ బొత్తాముల మీద సింహాల ముఖాలు, వీపున నెమళ్ల కుట్టుపని ఈమధ్య ఫ్యాషన్ అయింది. వాటికీ ఇదే మాట.

పని ఎంత ఉండాలి అన్నదానికి కూడా ఒక కొలమానం ఉన్నది. అబూ జహ్మ్ (రజి) బహూకరించిన ఒక నగిషీల దుప్పటిని దైవప్రవక్త (స) ధరించి నమాజ్ చేశారు. నమాజ్ ముగియగానే, దాని నగిషీలు ధ్యానాన్ని మరల్చాయని చెప్పి దానిని తిప్పి పంపి, బదులుగా ఆయన వద్ద ఉన్న సాదా దుప్పటి తెప్పించుకున్నారు. ఇచ్చినవాని మనసు నొచ్చుకోకుండా మరొకటి అడిగి తీసుకున్న ఆ సౌజన్యం కూడా గమనించదగినది. నిలువుటద్దం ముందు నిలబడినప్పుడు బాగుందా లేదా అని కాక, నమాజ్‌లో నిలబడినప్పుడు మనసు దేనిమీద ఉంటుందని అడిగి చూడండి.

రంగుల సంగతి: తెలుపు దైవప్రవక్త (స)కు ప్రియమైనది. కుసుమపూల ఎరుపు, కుంకుమపువ్వు పసుపు పురుషులకు అయిష్టకరమైనవి. తక్కినవాటిలో మీ ఇష్టం.

బంగారు ఉంగరం విషయంలో చర్చకే తావు లేదు. ఆడపిల్ల తండ్రికి అది కూడా వద్దని చెప్పండి; ఇస్తే అబ్బాయి పెట్టుకోలేడు, పెట్టుకోలేనిదానికి ఆయన ఎందుకు అప్పు చేయాలి? వెండి ఉంగరం సున్నత్. దైవప్రవక్త (స) ముద్రికగా వాడినది వెండి ఉంగరమే. హనఫీ ఉలమా దాని బరువు ఒక మిస్ఖాల్, అంటే సుమారు 4.37 గ్రాములకు లోబడి ఉండాలన్నారు. కంసాలి వద్ద తూకం వేయించి తీసుకోండి. బంగారు పూత గడియారాల విషయంలో ఉలమా మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. స్టీలు గడియారం కొంటే ఆ చర్చే అక్కరలేదు. మెడలో గొలుసు, చేతికి కడియం వంటివి స్త్రీల అలంకారాలు.

ముఖం కప్పే సెహ్రా మన ప్రాంతపు ఆచారమే తప్ప సున్నత్ కాదు. మల్లెల పరిమళం కావాలంటే మంచి అత్తరు రాసుకోవచ్చు, పైగా అది సున్నత్. బూట్లు, జోళ్లలో తాళ్లు లేనివి ఎంచుకోండి, మస్జిద్ గుమ్మం దగ్గర సులువు.

వధువు గురించి రెండు మాటలు. సాచఖ్ నాడు మీ వైపు నుండి ఆమెకు బట్టలు పోతాయి కదా. ఆమెకు పట్టూ బంగారమూ రెండూ చెల్లుతాయి, అయితే దుబారా ఆమెకూ చెల్లదు. ఒక్కరోజు ధరించి పెట్టెలో పెట్టే బరువైన ఖడా దుపట్టా ఒకటి కొనే బదులు, గద్వాల నూలు చీరలు, పట్టు అంచుతో వచ్చేవి, నాలుగు కొనండి. ఏడాది పొడవునా కడుతుంది. నారాయణపేట చీరలు కూడా మీ వియ్యపురాలి వైపువే. ఆమె మనసెరిగి తెచ్చారన్న పేరు వస్తుంది.

కుట్టించడం దగ్గర కొన్ని విషయాలు చెప్పి ముగిస్తాను. సగటు మనిషి షేర్వానీకి 44 అంగుళాల పన్నా ఉన్న గుడ్డ సుమారు మూడున్నర మీటర్లు పడుతుంది. ఇక్కత్ అయితే ముందు రెండు భాగాలలో నమూనా కలవాలి గనుక కొంచెం ఎక్కువ తీసుకోండి. నూలు గుడ్డను దర్జీకి ఇచ్చే ముందు ఒకసారి నీళ్లలో నానబెట్టి ఆరవేయండి, కుదించుకుపోవడం అప్పుడే అయిపోతుంది. కనీసం నెల రోజుల ముందు ఇవ్వండి. షవ్వాల్‌లో దర్జీల మాట నమ్మితే మీకే నష్టం. అస్తరు కూడా నూలుదే వేయించండి. పైజామా చీలమండల కిందికి దిగకుండా కొలత ఇప్పించండి.

ట్రయలు చూసే రోజు అబ్బాయిని అద్దం ముందు నిలబెట్టి ఊరుకోవద్దు. ముందు చేతులు మోచేతుల పైకి మడిచి చూడమనండి. షామ్ జుబ్బా సంగతి చెప్పినది ఇందుకే. మోచేతుల దాకా తడవకపోతే వుజూ లేదు, వుజూ లేకపోతే పెండ్లినాటి అస్ర్, మగ్రిబ్ నమాజులు ఏమవుతాయి? తరువాత ఆ దుకాణంలోనే రుకూ చేయమనండి, సజ్దాలోకి వెళ్లి లేవమనండి, అత్తహియ్యాత్‌లో కూర్చోమనండి. మెడ దగ్గర కాలరు బిగిస్తే, చంకల వద్ద కుట్లు పటపటమంటే, తొడల మీద గుడ్డ బిగుసుకుంటే అక్కడికక్కడే సరిచేయించండి. దర్జీ నవ్వితే నవ్వనీయండి. నికాహ్ మజ్లిస్‌లో షేర్వానీ చిరుగుతుందన్న భయంతో కుర్చీలో కూర్చుండిపోయి జమాఅత్ తప్పించుకున్న వరులు ఎందరో.

అద్దెకు తీసుకోవచ్చునా అని కూడా చాలామంది అడుగుతుంటారు. నిరభ్యంతరంగా. అద్దెకన్నా ముందు అరువు ఉన్నది. హజ్రత్ ఆయిషా (రజి) వద్ద అయిదు దిర్హముల విలువ చేసే ఒక ముతక వస్త్రం ఉండేది. దైవప్రవక్త (స) కాలంలో అటువంటిదే ఒకటి ఆమె వద్ద ఉంటే, మదీనాలో పెండ్లికూతురిని అలంకరించవలసి వచ్చిన ప్రతివారూ కబురు చేసి దానిని అడిగి తీసుకువెళ్లేవారట. బుఖారీ గ్రంథంలో ఈ ఉదంతం ఉన్నది. తరువాతి రోజులలో ఇంట్లో పనిచేసే అమ్మాయి కూడా దానిని తొడుక్కోవడానికి నామోషీ పడుతున్నదని ఆమె విచారించారు. మదీనా వధువులకు అరువు బట్టలు సిగ్గు కాలేదు.

మీ బస్తీ మస్జిద్ కమిటీ వారితో మాట్లాడి చూడండి. మంచి స్థితిలో ఉన్న షేర్వానీలు ప్రతి నాలుగిళ్లకూ ఒకటి పెట్టెలో మగ్గుతున్నాయి. వాటిని ఒకచోట చేరిస్తే ఆ బస్తీలో పేద వరుడెవ్వడూ జోడా పేరు చెప్పి మామగారి వైపు చూడనక్కరలేదు. మీ అబ్బాయి షేర్వానీని కూడా వలీమా తరువాత ఉతికించి, ఎండకు కాక నీడలో ఆరవేసి, ఎండు వేపాకుతో మడిచి పెట్టండి. కుట్టు లోపల రెండంగుళాల గుడ్డ వదలమని దర్జీకి ముందే చెప్పి ఉంచితే లావుపాటి వారికీ సరిపోతుంది. ఛాతీ, భుజం, పొడవు కొలతలను చిన్న గుడ్డ పీలిక మీద చెరగని సిరాతో రాసి కాలరు లోపల కుట్టించండి. అడగడానికి వచ్చేవారు విప్పి చూడకుండానే తమకు సరిపోతుందో లేదో తెలుసుకుంటారు.